లీయమ్మ రైలుకట్ట

రైలు ఎత్తేసిన చోట మొదట పట్టాలు పోతాయి. తరువాత స్లీపర్లు ఊళ్ళోకి వచ్చి దర్వాజాలవుతాయి. ఆఖరుకు స్టేషన్ పేరు కూడా పోతుంది. కట్ట మాత్రం మొండిది. తిరిగిన ఊళ్ళలో ఎన్నో చోట్ల చూశాను, తుమ్మలు మొలిచినా పాములు చేరినా అది కదలదు. బీదర్ జిల్లాలో కమలనగర్ అవతల, హొన్నెవాడి దగ్గర అలాంటిది ఒకటుంది. నల్లరేగడి చేల మధ్య ఎర్రమొరం గీత. నిజాం రోజుల్లో పల్లికాయ, జొన్నలు మోయడానికి వేసిన చిన్న లైను. లారీలు రాగానే దాని పని అయిపోయింది. వేయడానికున్న ఓపిక నడపడానికి లేకపోయిందని అక్కడి ముసలివాళ్ళ మాట.

ఆ లైను మీద పనిచేసిన గ్యాంగ్‌మన్ కూతురు లీయమ్మ. కట్ట పక్క గుడిసెలోనే పుట్టింది. రైలెక్కింది ఒక్కసారే. అది కూడా దారిలో మేక పడుకుందని మధ్యలో ఆగిందట. గార్డు దిగి మేకను బతిమాలిన తీరు చెప్తూ ఇప్పటికీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. లైను మూసేసినప్పుడు, ఏళ్ళ తరబడి బోల్టులు బిగించిన తండ్రి చేతనే వాటిని ఊడదీయించారు. ఆ సంగతి దగ్గర మాత్రం ఆమె మాట మారుస్తుంది.

క్రైస్తవుల సమాధుల తోట వాగు అవతల ఉంది. వానాకాలం ఆ రేగడిలో కాలు పెడితే చెప్పు కాదు, మనిషే దిగబడిపోతాడు. అందుకని రైలు పోయాక ఆ కట్ట మీద నడిచినవి శవాల పెట్టెలే. లీయమ్మ భర్త ఫిలిప్పు ఏటా గంపతో మొరం మోసి గుంతలు పూడ్చేవాడు. మూడేళ్ళ కింద ఆయనా ఆ దారినే పోయాడు. అప్పటినుంచి పక్క చేను ఖండప్ప ట్రాక్టర్ ఎండాకాలం దున్నకాల్లో కట్టను కొంచెం కొంచెంగా తింటూ వచ్చింది. ఒకచోట ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సన్నబడింది.

కొడుకు స్టాన్లీ నౌబాద్‌లో వెల్డింగ్ పని చేస్తాడు. వచ్చి ఖండప్పను అడిగాడు.

"రైలు వచ్చేదుంటె ముందుగాల చెప్పు తమ్మీ, ట్రాక్టర్ పక్కకు తీస్త" అన్నాడట ఖండప్ప.

తహసీల్ ఆఫీసుకు పోతానని స్టాన్లీ లేచాడు. తల్లి వద్దంది. ఆమె భయం వేరే. కిందటి ఈస్టర్‌కు మోకాళ్ళు సహకరించక భర్త సమాధి దగ్గరకు పోలేకపోయింది.

"నన్ను మీ నాయిన పక్కనె పెట్టాలె బిడ్డా. తొవ్వ లేకుంటె బీదర్ తీస్కపోతరు. ఆడ నాకెవరు ఎరుక?"

ఈసారి ఈస్టర్ పొద్దున ఎత్తుకునైనా తీసుకుపొమ్మని పట్టుబట్టింది. స్టాన్లీ, సంఘంలోని మోసెస్, మరో ఇద్దరు నులకమంచం మీద ఆమెను పడుకోబెట్టి భుజాలకెత్తారు. పొద్దుటి చల్లగాలి తగులుతుందని కోడలు తెల్లదుప్పటి కప్పింది. వెనక ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. ఆ రోజు ఊళ్ళోనే ఉన్న నేనూ ఆ వెనకే నడిచాను. సన్నబడిన చోటికి రాగానే కుడిపక్క వాళ్ళకు అడుగు దొరకలేదు. మోసెస్ జారాడు, మంచం ఒరిగింది.

చేలో ఉన్న ఖండప్ప అది చూశాడు. తలరుమాలు తీసి చంకలో పెట్టుకుని, పెళ్ళల మీద పెద్ద పెద్ద అంగలేసి వచ్చి, మోసెస్ చోట భుజం పట్టాడు. ఎత్తరి కాబట్టి కింద చేలో నిలబడ్డా మంచం సరిసమానమైంది.

కొంతదూరం పోయాక దుప్పటి కదిలింది.

"ఖండప్పా, నేనింక సచ్చిపోలే."

ఆయన బిగుసుకుపోయాడు. ఆడవాళ్ళ పాట తెగిపోయింది. మోసెస్ నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాడు.

"దించు అన్నా, మేం చూస్కుంటం" అన్నాడు స్టాన్లీ, కొంచెం కటువుగానే.

"భుజం ఇచ్చినంక నడుమల దించరు. నడువుండ్రి."

తను దున్నిన పెళ్ళల్లో తనే తూలుతూ, చేను దాటేదాకా ఖండప్ప అలాగే మోశాడు. సమాధి దగ్గర మంచం దించాక లీయమ్మ రాయి మీద చెయ్యేసి చాలాసేపు కూర్చుంది. ఫిలిప్పుతో ఏం చెప్పుకుందో మేము వినలేదు. తరువాత ఖండప్పను పిలిచింది.

"అందరు నీ అంత పొడుగుండరు బిడ్డా. పొట్టోళ్ళు మోస్తె నేను నీ చేన్ల పడ్త."

ఖండప్ప కాళ్ళకంటిన మట్టి దులుపుకున్నాడు. ఆమెను ఇంటికి తెచ్చేటప్పుడు మళ్ళీ ఆయనే ముందు భుజం పట్టాడు.

మృగశిర కార్తెకు ముందు స్టాన్లీని పిలిచి, ఎక్కడిదాకా వదలమంటావని అడిగాడట. స్టాన్లీ చూపించిన చోటికంటే ఇంకో అడుగు తన చేలోకే జరిపి కొయ్య పాతాడు. రెండు ట్రిప్పుల మొరం కూడా తోలాడు.

ఆ సంగతి చెప్పి, ఇక నిశ్చింతగా ఉండమన్నాను లీయమ్మతో. ఆమె చాటలో కందిపప్పు చెరుగుతోంది.

"గదే అనుకుంటున్న అయ్యా. తొవ్వ మంచిగైనంక పోనీకి తొందరేమున్నది?" అంది.