బీరువా వెనక కిటికీ

మా కాలువ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. మా రేపల్లెలో జనం నేను ఏం చెప్పినా సగం పారబోసి, మిగతా సగాన్ని ఎండబెట్టి నమ్ముతారు. మీరలా చెయ్యొద్దు.

మా ఇల్లు కాలువ గట్టు మీద ఉంది. బయట నుంచి చూసినవాళ్ళు "అదృష్టవంతుడివయ్యా, లేస్తే నీళ్ళు కనబడతాయి" అంటారు. లోపలికొచ్చాక ఆ మాట ఎత్తరు. గోడలకు మనిషెత్తు వరకూ ముదురాకుపచ్చ రంగు కలిపిన సున్నం, కింద నల్లటి కడప బండలు, కిటికీలకు కాఫీ రంగు పరదాలు. పడమటి గదిలో కాలువ వైపు పెద్ద కిటికీ ఉంది గానీ, నైరుతి మూల బీరువా ఉండాలని మా నాన్న దాన్ని తెచ్చి సరిగ్గా ఆ కిటికీకే ఆనించాడు. మా ఇంట్లో ఎలుకను పట్టాలంటే పిల్లి కూడా స్విచ్ వేసుకోవాల్సి వచ్చేది.

మా ఆవిడ బాపట్లలో టీచరు. మొదట్లో రోజూ బస్సులో వెళ్ళొచ్చేది. తర్వాత అక్కడే ఒక గది అద్దెకు తీసుకుంది. కోపంతో కాదు. "అక్కడ కిటికీ పక్కన కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్నానండి. ఇక్కడ మధ్యాహ్నం కూడా లైటేసుకోవాలి" అంది, అంతే. ఆదివారాలు వచ్చేది. రానురాను ఆదివారాలూ పలచబడ్డాయి. పోట్లాడి వెళ్ళిన మనిషిని బతిమాలి తెచ్చుకోవచ్చు. వెలుతురు కోసం వెళ్ళిన మనిషిని ఏం చెప్పి పిలవాలి?

అందుకని ఈ వేసవిలో ఇల్లు తెల్లగా చేయించాలనుకున్నాను. సెలవులకు వాళ్ళ అక్కగారింటికి వెళ్ళిన మనిషి, బడి తెరిచేలోగా ఒకసారి వచ్చి చూస్తే చాలు, ఆ అద్దె గది ఖాళీ చేసేస్తుందని నా ఆశ. తెనాలి వెళ్ళి పుట్టీ, తెల్ల రంగు, లేత పసుపు పరదాలు కొన్నాను. పెయింటర్ని కూడా అక్కణ్ణుంచే తెచ్చుకున్నాను. అతను గోడ తడిమి, గుమ్మంలోంచి ఎండిపోయిన కాలువ చూశాడు.

"నీళ్ళు వదిలాక చేద్దాం గురువుగారూ. గోడ సంగతి అప్పుడుగానీ తెలీదు."

"అన్నాళ్ళు ఆగలేనయ్యా."

"అంత తొందరేంటి, పెళ్ళిచూపులా?"

"అలాంటిదే అనుకో."

"అమ్మాయిది ఏ ఊరండి?"

"బాపట్ల. మంచి సంబంధం. ఇదివరకే ఒకసారి నన్ను చేసుకుంది."

అతను నవ్వి బకెట్ ఎత్తాడు.

కాలువ కట్టేసిన నెలల్లో గట్టు మీది గోడలు పొడిగా, బుద్ధిగా ఉంటాయి. నీళ్ళొచ్చాక చెమ్మ పైకెక్కుతుంది. అందుకే ఇక్కడ అందరూ సున్నం వేస్తారు, సున్నమైతే గోడకు ఊపిరాడుతుంది. ఈ సంగతి గట్టున పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే పుట్టీ పెట్టించాను.

బీరువా జరిపిన రోజు దాని వెనక పేరుకున్న చీకటిని చీపురుతో ఊడ్చి మూడు తట్టల్లో మోసి కాలువలో పోశాం. ఆ రాత్రి ఫోన్లో ఆవిడకు చెప్పాను, వెలుగు తట్టుకోలేక చలవ కళ్ళద్దాలు పెట్టుకుని భోంచేస్తున్నానని.

"కూరలో ఉప్పు కనబడుతోందా అండి?" అంది.

"రవ్వ రవ్వా కనబడుతోంది. వచ్చి చూడు."

"చూద్దాం లెండి."

ఆవిడ ఆ సెలవుల్లో రాలేదు. బడి తెరిచారు, కాలువకు నీళ్ళు వదిలారు. వారం తిరక్కుండా నా తెల్ల గోడలు అప్పడాల్లా పొంగాయి. పెద్ద పొంగు మీద క్యాలెండరు తగిలించాను. సరిగ్గా ఆ ఆదివారమే ఆవిడ వచ్చింది.

వచ్చీరాగానే క్యాలెండరు ఎత్తి చూసింది. వేలితో నొక్కితే పొంగు పగిలి తెల్లటి పొడి ఆవిడ చీర మీద రాలింది. "నీళ్ళు రాకముందే వేయించారా? మీకు తెలీదా ఏంటి?" అంది. నేను క్యాలెండరు మళ్ళీ మేకుకు తగిలించాను. తను నా వైపు చూసి, పడమటి గదిలోకి నడిచింది.

పొద్దు పడమటికి వాలింది. కాలువ మీద పడ్డ ఎండ కిటికీలోంచి లోపలికొచ్చి పైకప్పు మీద కదలడం మొదలెట్టింది. తెల్లటి చేపపిల్లలు గుంపుగా ఈదుతున్నట్టు. ఆవిడ కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, తల వెనక్కి వాల్చి చూస్తూ ఉండిపోయింది.

"ఇన్నేళ్ళూ ఇది బీరువా వెనక ఉందా అండి?"

"ఉంది."

"బాగుంది" అంది. కాసేపయ్యాక, "ఈ ఏడాది ట్రాన్స్‌ఫరు పెట్టుకుంటాను. ఇక్కడికే వచ్చేస్తా" అంది.

ఇప్పుడు ఒట్టు వెనక్కి తీసుకోవాలి. చీకటి మూడు తట్టలైంది, కావాలంటే పెయింటర్ని అడగండి. నేను కల్పించింది ఆ చివరి మాట ఒక్కటే. "బాగుంది" అన్నంతవరకూ ఆవిడ అన్నదే. ఆ తర్వాత పైకప్పు మీద వెలుగు ఆరిపోయేదాకా కూర్చుని, చీరకంటిన పొడి దులుపుకుని, బాపట్ల బస్సుకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడొస్తావని నేను అడగలేదు. అడిగితే నిజం చెబుతుంది.