గరాజ్‌లో వేసిన కుర్చీ

శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, పాతబెల్లం వేసి నేతిలో ఉడికించిన కాయం వాసన అమెరికా ఆసుపత్రి గదిలో గుప్పుమంటే మొదట నవ్వొస్తుంది. పోయిన వసంతంలో నాకూ వచ్చింది. కాన్పుకు వచ్చిన తెలుగు కోడలికి ఇంకా నొప్పులు ఊపందుకోనేలేదు, ఆమె అత్తగారు మాత్రం బాలింత మందు స్టీలు డబ్బాతో సహా దిగిపోయి, మూత తీసి నెయ్యి పైకి తేలిందో లేదో చూసుకుంటోంది. ఆలూ చూలూ రెండూ ఉన్నాయి గనక సామెత పనికిరాదు గానీ, ఆవిడ తొందర మాత్రం అలాంటిదే.

నేను మిడ్‌వైఫ్‌ని. పన్నెండేళ్లుగా కాన్పులు చేస్తున్నాను, ఐదేళ్లుగా ఆ చదువు చదివే పిల్లలకు పని నేర్పిస్తున్నాను. ఆ రోజు నా పక్కన నయోమి అనే విద్యార్థిని ఉంది. నల్లజాతి అమ్మాయి. డిగ్రీ రావాలంటే తన చేతుల మీదుగా జరగవలసిన కాన్పులు ఇంకా నాలుగు మిగిలాయి, గడువు మే నెలాఖరు. అత్తగారు డబ్బా మూత పెట్టి, నయోమి వైపు చూసి, మొహాన నవ్వు చెదరకుండా నాతో తెలుగులో అంది. "ఆ అమ్మాయిని కొంచెం బయటికి పంపించమ్మా. ఫస్ట్ డెలివరీ కదా. నువ్వున్నావుగా, చాలు."

నేను నయోమితో గదిలో మనుషులు ఎక్కువయ్యారనీ, వెళ్లి స్టోర్ రూమ్‌లో సామాన్లు సర్దమనీ చెప్పాను. వెళ్లింది. మిగిలిన నాలుగూ నాలుగుగానే ఉండిపోయాయి. అలా ఆమెను బయటికి పంపడం అది మూడోసారి.

అబద్ధం అంత సాఫీగా ఎలా వచ్చిందో నాకు తెలుసు. తొమ్మిదేళ్ల వయసులో, మా ఇంటి గరాజ్‌లో నేర్చుకున్నాను.

మేము జార్జియాలోని కమ్మింగ్‌కి వచ్చేనాటికి అక్కడ తెలుగువాళ్ల ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మార్చి వచ్చిందంటే పైన్ చెట్ల పుప్పొడి రాలి కార్లూ మెయిల్‌బాక్సులూ ఇంటి మెట్లూ అన్నీ పచ్చగా అయిపోయి, ఎవరో ఊరంతటికీ పసుపు పూసి పేరంటానికి పిలిచినట్టుండేది. వాన పడితే కొత్తగా కడుతున్న ఇళ్ల దగ్గర ఎర్రమట్టి జారి బూట్లకు అంటుకునేది, వేసవి సాయంత్రాల్లో మేము ఖాళీ ఊరగాయ సీసాల్లో మిణుగురులను పట్టి మూతలకు బెజ్జాలు పెట్టేవాళ్లం, రోడ్డు పక్కన ఒక ముసలాయన పెద్ద డేగిశాలో ఉప్పేసి ఉడికించిన వేరుశనక్కాయలు కాగితం సంచుల్లో పోసి అమ్మేవాడు. మా పేటలో నల్లవాళ్ల ఇల్లు ఒక్కటి కూడా లేదు. ఎందుకు లేదని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

అమ్మకు ఏడో నెల రాగానే ఒంగోలు దగ్గర పల్లె నుంచి అమ్మమ్మ వచ్చింది. ఆమె రెండు సూట్‌కేసుల్లో బట్టలు తక్కువ, పురిటి సామాను ఎక్కువ. వాము, వసకొమ్ము, సాంబ్రాణి, కాయం, పొత్తిగుడ్డలకని చింపి తెచ్చిన మెత్తటి పాత చీరలు. వచ్చిన మర్నాడే సాంబ్రాణి ఎలా వేయాలో అమ్మకు చూపిస్తానని గ్రిల్లు బొగ్గులు మూకుట్లో వేసి పొగ పెట్టింది. ఇంట్లోని అలారాలన్నీ ఒక్కసారి మోగాయి. "పొగేస్తే అరిచే కొంప యాడన్నా ఉంటదా!" అని బుగ్గ నొక్కుకుంది. ఆ తర్వాత పొగ పనులన్నీ గరాజ్‌లోకి మారాయి. నాకు ఆ గరాజ్ అంటే ప్రాణం. మధ్యాహ్నం తలుపు సగం ఎత్తి పెడితే చల్లటి గచ్చు మీద నేనూ అమ్మమ్మా చాక్‌పీసుతో గళ్లు గీసుకుని, ఊరి నుంచి తెచ్చిన చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడేవాళ్లం. ఆమె తొండి చేసేది, పట్టుకుంటే పెద్దదాన్నని దబాయించేది. లాన్‌మోవర్ మీద పరిచిన పాత దుప్పటి మీద గుమ్మడి వడియాలు ఎండేవి.

అమ్మను క్లినిక్‌లో చూసే మిడ్‌వైఫ్ పేరు మిస్ ఎర్లీన్. అరవైకి దగ్గర పడిన నల్లజాతి మనిషి, ముప్పావు గంట దూరం నుంచి కారు నడుపుకుంటూ వచ్చేది. జేబులో ఎప్పుడూ పిప్పరమెంట్లు ఉండేవి. అమ్మమ్మ ఇంగ్లీషుకూ లోకం ఇంగ్లీషుకూ మధ్య నేనే దుబాసీని. మొదటి రోజు అమ్మమ్మ నా చెవి దగ్గరికి వంగి, "తెల్లామె లేదా ఈడ? అడగమ్మే," అంది. అమ్మ విని కూడా గోడ మీద బొమ్మ వైపు తల తిప్పుకుంది. ఏమంటోంది అని మిస్ ఎర్లీన్ నన్ను అడిగింది. మీరు చాలా మంచివారంటోంది అన్నాను. ఆమె సంతోషపడి, నా చేతిని తీసి అమ్మ పొట్ట మీద ఒకచోట అదిమి పెట్టింది. చిన్న ఉసిరికాయంత గట్టిగా ఏదో తగిలి పక్కకి జారింది. అది నీ తమ్ముడో చెల్లెలో గానీ, వాళ్ల మడమ అంది. తన అవ్వ కూడా ఇదే పని చేసేదట. తెల్లగా ఉతికి ఇస్త్రీ చేసిన గుడ్డసంచి పట్టుకుని పల్లెలన్నీ నడిచి తిరిగేదట. తర్వాత ప్రభుత్వం వాళ్లెవరో వచ్చి నీకు లైసెన్సు కాగితం లేదు, ఇక చెయ్యకూడదన్నారట. ఆ సంచిని అవ్వ చనిపోయేదాకా ఉతుకుతూనే ఉండేదని చెప్పింది.

తమ్ముడు పుట్టిన రోజు మిస్ ఎర్లీన్ ఐదు గంటల పాటు కూర్చోకుండా అమ్మ నడుము రుద్దుతూ నిలబడిందని ఇంట్లో అందరూ చెప్పుకున్నారు. అమ్మమ్మ కూడా ఒప్పుకుంది. "చెయ్యి మంచిదే. మా సుబ్బమ్మ చెయ్యి అట్టానే ఉండేది." సుబ్బమ్మ వాళ్ల ఊరి మంత్రసాని. బిడ్డ భూమ్మీద పడేదాకా ఆమె చెయ్యి కావాలి. పడ్డాక ఆమె దొడ్డి గుమ్మం బయట కూర్చుంటే, చేటలో బియ్యం, బెల్లం, కొబ్బరికాయ, చీర పెట్టి అక్కడికే తెచ్చి ఇచ్చేవారు. ఆమె వెళ్లాక అక్కడ నీళ్లు చల్లేవారు. అమ్మమ్మ దీన్నంతా ఒక మంచి ఆచారంగా, ఇప్పుడు ఎవరూ పాటించడం లేదన్న బాధతో చెప్పేది.

ఇరవై ఒకటో రోజు బారసాల. తెల్లవారకముందే లేచి వండిన పులిహోర, పెరుగావడలు, అరిటాకు మీద తట్టి కాల్చిన బొబ్బట్లు. ఎవరింటి నుంచో తెచ్చిన ఉయ్యాలకు చామంతి దండలు. అమ్మ మిస్ ఎర్లీన్‌ను కూడా పిలిచింది. ఆ మాట వినగానే అమ్మమ్మ చేట కోసం వెతికింది. కమ్మింగ్‌లో చేట ఎక్కడిది? పెద్ద అల్యూమినియం ట్రేలో బియ్యం పోసి, పైన కొబ్బరికాయ, బెల్లం దిమ్మ, పసుపు కుంకుమలు, అంచున్న కొత్త నూలు చీర సర్దింది. తర్వాత ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకెళ్లి గరాజ్‌లో, బియ్యం బస్తాల పక్కన వేసింది.

"అమ్మా, ఇక్కడ అట్టా చెయ్యకూడదే," అంది అమ్మ.

"నేనేమన్నా ఆమెకి తక్కువ చేశానా? చీర పెట్టలా? సుబ్బమ్మ ఏనాడన్నా గడప దాటిందా?"

బయట కార్లు వచ్చి ఆగుతున్నాయి. అమ్మ పిల్లాణ్ణి ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. నాన్న కెమెరాలో రీలు ఎక్కించడంలో అతి శ్రద్ధగా మునిగిపోయాడు. మిస్ ఎర్లీన్‌ను గరాజ్ వైపు తీసుకురావడం, ట్రే అందించడం నా వంతయింది.

ఆమె చర్చికి వేసుకునే ఆకుపచ్చ గౌను వేసుకుని, టోపీ పెట్టుకుని వచ్చింది. ఒక చేతిలో పిల్లాడికని తాను అల్లిన పసుపు ఊలు టోపీ, ఇంకో చేతిలో ఉడికిన వేరుశనక్కాయల సంచి. మిగతావాళ్లంతా ముందు తలుపులోంచి వెళ్తుండడం చూసింది, అయినా నా వెంట వచ్చి కుర్చీలో కూర్చుంది. నేను ట్రే ఇచ్చాను. చీరను తీసి భుజం మీద వేసుకుని చూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇది మీవాళ్లలో పెద్ద గౌరవం కదా అని అడిగింది. అవునన్నాను. అప్పుడు తల మీది టోపీ తీసి పక్కన పెట్టి, చేతులు రెండూ చాపి, ఏడీ మన పిల్లాడు, ఒక్కసారి ఎత్తుకుంటాను అంది.

నేను వంటింటి తలుపు దాకా వెళ్లాను. అమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి ఉంది. "పడుకున్నాడని చెప్పు."

వెనక్కి వచ్చి, నిద్రపోతున్నాడు అని చెప్పాను. నా మాట పూర్తి కాకముందే లోపల తమ్ముడు ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చాడు. మిస్ ఎర్లీన్ తలుపు వైపు చూసింది, తర్వాత నన్ను చూసింది. ఎన్ని వందల మంది పిల్లల ఏడుపు విన్న మనిషో. ఆమె చాపిన చేతులు మెల్లగా ఒళ్లోకి వచ్చాయి. "వాడికి ఆకలేస్తోంది బంగారూ. వెళ్లి మీ అమ్మకి చెప్పు," అంది. చీరను నాలుగు మడతలు పెట్టి ట్రేలో ఉంచి, ఊలు టోపీని దాని మీద పెట్టి, నా జుట్టు ఒకసారి నిమిరి, ట్రే అక్కడే వదిలి వెళ్లిపోయింది. నేను లోపలికి వెళ్లి మూడు బొబ్బట్లు తిన్నాను. వేరుశనక్కాయలను అమ్మమ్మ విప్పకుండానే చెత్తబుట్టలో వేసింది. రోడ్డు పక్క ముసలాయన దగ్గరవైతే ఇష్టంగా తినేది.

తర్వాత అమ్మ మొహం చెల్లక ఆ క్లినిక్‌లోనే వేరే మిడ్‌వైఫ్ దగ్గరికి మారింది. మా సిగ్గు దాచుకోవడానికి ఆమెను ఇంకోసారి అవమానించాం.

ఇంత జరిగాక నేను చేసింది ఇంకా అన్యాయం. మిడ్‌వైఫరీ చదువుకు రాసిన దరఖాస్తు వ్యాసంలో మిస్ ఎర్లీన్ నా చేత్తో తమ్ముడి మడమ ముట్టించిన కథ రాసి, మా అమ్మమ్మ ఆమెకు చీర పెట్టి గౌరవించిందని ముగించాను. సీటు వచ్చింది. ఆ చదువులో నల్లజాతి మంత్రసానుల గురించి చెప్పింది ఒక్క ముక్క, వాళ్లకు శుభ్రత తెలియదని. ఇస్త్రీ చేసిన తెల్లసంచి గురించి స్వయంగా విన్నదాన్ని, పరీక్షలో ఆ ముక్కే రాసి మార్కు తెచ్చుకున్నాను. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డ గులాబీ రంగులో ఉంటుందని నేర్పితే, నా తమ్ముడు ఏ రంగులో పుట్టాడో తెలిసి కూడా తలూపాను. పంతులమ్మనయ్యాక ఏటా మొదటి క్లాసులో చీర కథ చెప్పేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. పోయినేడు నయోమి కూడా కొట్టింది.

ఏప్రిల్‌లో ఆమె ఎవాల్యుయేషన్ నేనే రాశాను. కాన్పు గదిలో చొరవ తక్కువ అని రాశాను. ఆ కాగితం పట్టుకుని నయోమి నా గదికి వచ్చింది. "ఆ రోజు ఆవిడ మీతో ఏం చెప్పింది? నాకు మీ భాష రాదు గానీ, ఆ చూపు తెలుసు," అంది. చెప్పాను. మూడుసార్లూ ఎవరు ఏమన్నారో, నేను ఏమని అబద్ధమాడానో చెప్పాను. గరాజ్ సంగతీ చెప్పాను. అదే మధ్యాహ్నం మా కోర్సు డైరెక్టర్ దగ్గరికి వెళ్లి అదంతా మళ్లీ చెప్పి, రాసింది తప్పని ఒప్పుకుంటే, నయోమికి గడువు పెంచారు.

అమ్మమ్మ లేదు. కమ్మింగ్‌లో పైన్ చెట్లు కొట్టేసి వరసగా ఇళ్లు కట్టారు, సగం మనవాళ్లవే. క్లినిక్ ఉన్నచోట కార్లు కడిగే దుకాణం ఉంది. సిగ్గు విడిచి మిస్ ఎర్లీన్ కోసం వెతికితే, ఆమె పోయి మూడేళ్లయిందని తెలిసింది.

నయోమి నన్ను క్షమిస్తుందనుకున్నాను. నిజం చెప్పినందుకు నాకది దక్కాలని కూడా ఎక్కడో అనుకున్నాను. వారం తర్వాత ఆమె వచ్చి, మిగిలిన కాన్పులు వేరే మిడ్‌వైఫ్ దగ్గర చేస్తానని, మార్పు కోరే ఫారం నా బల్ల మీద పెట్టింది. అన్నీ నింపి ఉన్నాయి. కారణం అన్నచోట మాత్రం ఖాళీగా వదిలింది.

"అది మీరు రాయండి," అంది, నిలబడే ఉంది.

అక్కడ ఒక్క లైనే ఉంది. కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టాను.