ఇంకొక్క అంకె

"ఎంటర్ కొట్టినవా?"

"కొట్టిన. ఇగ జెర పండుకోరాదు?"

"ఉండవే, ఇంకొక్క అంకె చెప్తా."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలివి. ఆ అంకె చెప్పకుండానే కన్ను మూశాడు. రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్నప్పటి సంగతి. నిన్న మా మరిది కూతురు, నేను చెబుతుంటే ఇప్పుడిది రాస్తున్న పిల్లే, బీరువా సర్దుతూ ఆయన కాలిక్యులేటర్ బయటికి తీసింది.

ఆయన నేల కొలతల పని చేసేవాడు. షుగర్‌తో చూపు మందగించాక, చిలకలగూడలోని మా అద్దె గదిలో ఆయన అంకెలు చెబితే నేను మీటలు నొక్కేదాన్ని. అక్షరాలు సరిగ్గా రాకపోయినా, నా ఈడు ఆడవాళ్ళు చాలామందిలాగే బస్సు నంబర్లు చూసి అంకెలు నేర్చినదాన్ని. ఆ మిషన్‌కు ఈక్వల్ మీట లేదు. ముందు ఒక్కో అంకె పెట్టి ఎంటర్ కొట్టాలి, కూడాలో తీసెయ్యాలో తర్వాత చెప్పాలి. నాకు బోధపడకపోతే నా నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ ముందు పెట్టుకుని వివరించాడు: కొత్త అంకె అడుగు గిన్నెలోకి వస్తుంది, ఉన్నవి ఒక్కో గిన్నె పైకి జరుగుతాయి, కూడిక నొక్కితే కింది రెండూ కలిసి ఒకటవుతాయి, పైవి దిగుతాయి. నాలుగూ నిండాక ఇంకొకటి పెడితే అన్నిటికన్నా పైనున్నది పోతుంది, పోయిందని మిషన్ చెప్పదు. "నా గిన్నెలు నాకియ్యి, నీ అంకెలతోని కడుపు నిండుతదా" అని ఎకసెక్కమాడేదాన్ని.

ఆ చివరి లెక్క కాప్రా చెరువు దగ్గర మేము కొనుక్కున్న జాగాది. వానాకాలం అక్కడ నీళ్లు నిలుస్తాయని, పునాది ఎంత ఎత్తు లేపాలో మంచంలో ఉండే లెక్క కడుతున్నాడు. ఆయన పోయాక ఇల్లూ లేదు, జాగా కూడా అమ్ముకున్నాను. కానీ ఆపేసినా ఆ మిషన్ అంకెలను మరచిపోదు. కూడిక నొక్కితే ఆయన అంకెలు కలిసిపోతాయని నేను ఏ మీటా ముట్టలేదు. అప్పుడప్పుడు ఆన్ చేసి, తెర మీద కనబడే ఒకే ఒక్కటి, అడుగు గిన్నెలోని అంకె చూసుకుని ఆపేసేదాన్ని. వాచీల కొట్టులో బ్యాటరీ మారుస్తున్నంతసేపూ అంకెలు చెరిగిపోతాయేమోనని దానిమీంచి కన్ను తీసేదాన్ని కాదు.

నిన్న ఈ పిల్ల దానిమీద తన పరీక్ష మార్కులు కూడబోయింది. ఈక్వల్ మీట కనబడక ఎంటర్ మీదే మళ్ళీ మళ్ళీ కొట్టింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి నాలుగు గిన్నెల్లోనూ పిల్ల మార్కులే. "పెద్దమ్మా, ఇది ఖరాబైంది, జవాబు చెప్తలేదు" అంటోంది. ఆయన అన్నట్టే, పోయినవి చప్పుడు లేకుండా పోయాయి.

అడుగున ఉన్న అంకె నాకు నోటికి వచ్చు. పైవి నా చేత్తో నొక్కినవే అయినా గుర్తు లేవు. జరిపి చూస్తే చెదిరిపోతాయేమోనని ఎన్నడూ చూడలేదు. ఈ కాలం ఫోన్లు అడిగీ అడగకముందే జవాబు చెప్పేస్తాయి. ఆ మిషన్ మాత్రం ఇచ్చినవి పట్టుకుని, తర్వాతి మాట కోసం ఇన్నేళ్లూ కూర్చుంది. నేనూ దానితోపాటే కూర్చున్నాను. ఇప్పుడు దేనికోసం కూర్చోవాలో తెలియడం లేదు.

ఏడ్చింది చాలు బిడ్డా, నిన్నేమంటలేను. మొదట్నుంచి చదివి వినిపియ్యి. ఆయన మాట ఆయన అన్నట్టే రాసినవో లేదో వింట.