బురుల్చా పెద్దమ్మ పథ్యం

మా బురుల్చా పెద్దమ్మకు ఒకటే అలవాటు: ఎవరికి ఏ జబ్బు వచ్చినా అది తనకు ముందే వచ్చి ఉండాలి. మా తలాస్ లోయలో మోకాళ్ల నొప్పిని కనిపెట్టింది తానేనన్నట్టు మాట్లాడుతుంది. పక్కింటి సొనున్‌బూబూ ఒకసారి "పన్ను సలుపుతోందే" అంటే, "ఒక్కటేనా? నాకు రెండు వరసలూ!" అంది. అప్పటికి ఆవిడ నోట్లో మిగిలినవి పదకొండు పళ్లు.

నేను వ్యవసాయ కళాశాలను మూడో ఏడాదిలో వదిలేసి (వాళ్లకు నేను నేర్పాల్సింది అయిపోయింది) పెద్దమ్మ ఇంట్లోనే తింటూ ఉంటాను. కూర్చున్నచోటే అర గొర్రెను పూర్తిచేసిన చరిత్ర నాది. అలాంటివాడి నెత్తిన మార్చి నెలలో పిడుగు పడింది.

కోడలు మీరిమ్‌ను తోడు తీసుకుని బిష్కెక్ ఆస్పత్రికి వెళ్లొచ్చిన పెద్దమ్మ, బూట్లు విప్పకముందే ప్రకటించింది.

"నాకు పెద్ద జబ్బు. గొర్రె మాంసం బంద్. తోక కొవ్వు బంద్. ఇకనుంచి చేపలు, ఆకుకూరలు, రాజ్మా."

"రాజ్మానా?" కేక పెట్టాను నేను. ఊరంతా పండించేది రాజ్మానే. లారీలకెత్తి దేశాలు దాటిస్తాం. నోట్లో మాత్రం పెట్టుకోం. ఇటుకల బట్టీవాడు ఇటుకలు తింటాడా?

"నీ జబ్బుకు నేనెందుకు పథ్యం ఉండాలి పెద్దమ్మా?"

"నువ్వు ఎముక చీకుతుంటే నాకు నోరూరదూ? నువ్వైనా, మీరిమ్ అయినా అంతే. ఇంటికంతా ఒకే కుండ."

రెండు నెలల్లో ఎంత చిక్కిపోయానంటే, గాలి వీచినప్పుడు నన్ను గుర్రానికి కట్టేయాల్సి వచ్చేది.

మే నెలలో సొనున్‌బూబూ మనవడికి ఉయ్యాల పండగ. మా విందుల్లో వయసును బట్టి, వరసను బట్టి ఎవరి ముక్క వాళ్లకు పెడతారు. వద్దంటే ఆ ఇంటివాళ్ల ముఖాన ఉమ్మినట్టే.

"తినవేం పిల్లా?" సొనున్‌బూబూ మీరిమ్‌ను నిలదీసింది. "పెళ్లయి నాలుగేళ్లు. నెలకు మూడు రోజులు మంచం దిగవట. తింటేగా ఒంట్లో బలం!"

మీరిమ్ ముఖం పాలిపోయింది.

"ఏయ్! నా కోడలు తింటే నాకు ఆయాసం వస్తుంది!" పెద్దమ్మ గుండె పట్టుకుంది. "డాక్టరమ్మ గట్టిగా చెప్పింది!"

గదంతా పగలబడి నవ్వింది. పెద్దమ్మ మూలుగుతూ గాలికని బయటికి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను. గడ్డివామి చాటున, గడ్డం దాకా కొవ్వు కారుతుండగా, మహారోగి పక్కటెముక చీకుతోంది.

"పెద్దమ్మా! మరి జబ్బు?"

"అరవకురా గాడిదా. జబ్బు నాది కాదు, మీరిమ్‌ది. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట కూడా పెరుగుతోందట. ఎండో... మెట్రి... ఇన్నేళ్లలో ఎన్ని జబ్బులు చెప్పుకున్నాను, ఇదొక్కటే నోరు తిరగదు. మందులు వాడుతూనే తిండి మార్చి చూడమన్నారు. కొందరికి నొప్పి తగ్గుతుందట. మందుకో రాజ్మాకో, ఈసారి నెలసరిలో రెండో రోజుకే లేచి కూర్చుంది."

"ఆ మాటే అందరికీ చెప్పొచ్చుగా?"

"సొనున్‌బూబూకా? పొద్దుగూకేలోపు గొడ్రాలని లోయంతా చాటదూ? ఎవరికీ చెప్పొద్దని నా చేతులు పట్టుకుందిరా పిల్ల. అదే నా జబ్బంటే ఎవరూ ఆరా తీయరు. నవ్వి ఊరుకుంటారు."

"ఇప్పుడు నాకు తెలిసిపోయిందిగా?"

"నువ్వు చెబితే ఎవరు నమ్ముతారులే" అంది ఎముక తిరగేస్తూ.

ఇంత అవమానాన్ని దిగమింగి లోపలికి వెళితే, సొనున్‌బూబూ కొవ్వు ముక్కను ఏకంగా మీరిమ్ నోటి దగ్గర పట్టుకుని ఉంది. "మీ అత్త లేదుగా, కానీ!"

"ఆగండి!" అన్నాను. "పెద్దమ్మ జబ్బు నాకూ అంటుకుంది. నా ఎదుట మా వదిన కొవ్వు తింటే నేను మూర్ఛపోతాను!"

అనడమే కాదు, విందు పరిచిన దస్తరఖాన్ గుడ్డ మీద, పళ్లేల మధ్య వెల్లకిలా పడిపోయాను. నన్ను లేపడానికి నలుగురు వచ్చారు. ఆరుగురని నా లెక్క. నీళ్లు చల్లే వంకతో మీరిమ్ వదిన వంగింది. నవ్వాపుకోలేక ఆమె భుజాలు ఊగిపోతున్నాయి.

"అప్పుడే లేవకు మరిదీ" అంది చెవిలో. "ముక్క ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది."