బాలింతల నీళ్లు, పగిలిన బాయిలరు

ఆ రోజుల్లో మనిషికి ఉద్యోగం కంటే హోదా ముందు వచ్చేది. ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఒక మిషన్ దవాఖానాలో నన్ను వేడినీళ్ల బాయిలర్ దగ్గర పనికి పెట్టుకున్నారు. ఆ వార్త మా ఊరు కారేపల్లి చేరేసరికి నేను బాయిలర్ ఇంజనీరునైపోయాను. చేర్చింది మా అమ్మే. నేను దిద్దలేదు. ఐటీఐ ఫస్టు క్లాసులో పాసైనవాణ్ణి, ఆమాత్రం తగనా అనుకున్నాను. (పాసైన మాట నిజం. క్లాసు సంగతి అడక్కండి, రెండోసారి రాసినవాడికి క్లాసులేమిటి.) కొత్త సంవత్సరానికి పర్మనెంట్ చేస్తామన్నారు. ఇంటిల్లిపాదీ ఆ ఒక్క మాట మీదే బతుకుతున్నాం.

బాయిలరంటే రైలింజనంత ఉండేది. (అంత లేదు. ఇంట్లో వడ్లు పోసుకునే గుమ్మి అంత.) పోత ఇనుముది. కింద కట్టెల మంట. పైనున్న తొట్టిలోంచి చన్నీళ్లు దిగి, కాగి, గొట్టాల్లోంచి పక్కనే పురుటి వార్డు కోసం పెట్టిన నల్లాల్లోకి వచ్చేవి. దవాఖానా పెద్ద సిస్టరమ్మ మొదటి రోజే చెప్పింది. "బాబూ, చల్లారిన బాయిలర్ కింద ఒక్కసారే పెద్దమంట పెట్టకు. సన్నమంటతోని మొదలుపెట్టు, ఇనుమంతా ఒక్కతీరుగ వేడెక్కాలె. కాగినంక గూడ నల్లాలన్నీ ఒకేసారి తిప్పకు. చన్నీళ్లు గుప్పున లోపలికొస్తే వేడి ఇనుము తట్టుకోదు. లాంతరు గ్లాసు మీద వానచినుకు పడితే ఏమైతదో చూసినవ్ గదా?"

"చూసిన సిస్టర్," అన్నాను, ఐటీఐలో మాకు ఇంతకంటే పెద్దవే చెప్పారన్న ముఖం పెట్టి.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం క్యారల్స్ బృందం ట్రాక్టరెక్కింది. నేను లేకపోతే డప్పు వాయించే దిక్కే లేదు. (ఉంది. నేను ఆడించేది గిలక్కాయలు.) రాత్రంతా సన్నమంట నిలపాల్సినవాణ్ణి నాలుగు మొద్దులు పడేసి, ఊరూరా పాడుకుంటూ పోయాను. తిరిగొచ్చేసరికి తెల్లవారింది. పొయ్యి బూడిద, బాయిలర్ మంచుగడ్డ.

అప్పటికే బాలింతల తాలూకు ముసలమ్మలు బకెట్లు పట్టుకొని వరసకట్టారు. బాలింతకు పొగలుగక్కే నీళ్లు పోసే విషయంలో మా వైపు ముసలమ్మలు డాక్టరు మాట కూడా వినరు.

"ఏంది పిలగా, నీళ్లు గాగినయా?"

"ఇగ కాగుతయ్ అవ్వా."

"గిట్లయితే మా మునిమనుమడు నడుసుకుంట వచ్చి వాడే పోసుకుంటడు తియ్!"

"ఊకోవే, ఇంజనీరు సారుకు కోపమొస్తది," అంది వెనకాల ఇంకో అవ్వ. వరసంతా నవ్వింది.

ఇంజనీరుకు రోషం వచ్చింది. ఎండిన కట్టెలన్నీ పొయ్యిలో కుక్కి, మీద కిరసనాయిలు గుమ్మరించాను. మంట గర్జించింది. బాయిలర్ లోపల్లోపల మూలిగింది కూడా. ఆ మూలుగు విని, "చూసిన్రా, ఎంత జల్దీ కాగుతున్నదో!" అన్నాను. ఆవిరి కనబడగానే నల్లాలన్నీ ఒక్క ఊపున తిప్పేశాను. తొట్టిలోని డిసెంబరు నీళ్లు దబదబా లోపలికి దిగాయి.

ఇన్నేళ్లుగా నేను చెబుతూ వస్తున్నదేమిటంటే, అప్పుడా బాయిలర్ పేలింది, రేకుల కప్పు లేచిపోయి వాగులో పడింది, నేను పసికూనల్ని చంకనేసుకొని బయటికి పరుగెత్తాను.

ఏమీ పేలలేదు. "టక్" అంది. అంతే. పైనుంచి కిందిదాకా వెంట్రుకంత గీత. అందులోంచి నీళ్లు నెమ్మదిగా కారి మంటను ఆర్పేశాయి. నౌకరీ పోయేటప్పుడు అంత చిన్న చప్పుడే చేస్తుందని నాకెవరూ చెప్పలేదు.

సిస్టరమ్మ తిట్టలేదు. అది ఇంకా ఘోరం. ఆ గీత వంక చూసింది, నా వంక చూసింది, ప్రార్థనకు వెళ్లిపోయింది. తర్వాత కొత్తగూడెం నుంచి వచ్చిన వెల్డరు ఇది అతికేది కాదని తల అడ్డంగా ఊపి, టీ తాగి పోయాడు. ఆ పొద్దున మాత్రం ముసలమ్మలు నా కోసం ఆగలేదు. వాకిట్లోనే రాళ్లు పెట్టి, పొయ్యిలు రాజేసి, గుండిగలెక్కించారు. కట్టెలు మోసింది నేను. క్రిస్మస్ పూట కొత్త చొక్కా అంతా మసి. తలెత్తితే ఏడుపొస్తుందని ఊదుడుగొట్టం నోట్లోంచి తియ్యలేదు. "పొగకు కండ్లు మండుతున్నయా బిడ్డా?" అని అడిగింది ఇందాక వెక్కిరించిన అవ్వే. అవ్ అన్నాను.

కొత్త సంవత్సరానికి పర్మనెంట్ కాగితం రాలేదు, కారేపల్లి బస్సు వచ్చింది. దారంతా ఒకటే దిగులు, అమ్మకు ఏం చెప్పాలి? ఆమె గుమ్మంలోనే అడిగింది. "అయిందా బిడ్డా?"

అప్పుడు పుట్టింది ఆ పేలుడు, అప్పటికప్పుడు, నా నోట్లో. అమ్మ బుగ్గలు నొక్కుకొని, "దేవుడే కాపాడిండు," అంది. ఊరంతా చెప్పింది. బతికినంతకాలం నౌకరీ ఊసు మళ్లీ ఎత్తలేదు. నమ్మిందనే అనుకున్నాను. (ఆ రేకుల కప్పు ఏ వాగులో పడిందని ఒక్కనాడూ ఎందుకడగలేదో మరి.)

ఇప్పుడు పొద్దున్నే మిరపచేను గట్టున చలి కాచుకుంటుంటే ఆ కుర్రాడు గుర్తొస్తాడు, చేతినిండా కట్టెలతో, ఎవరో నవ్వారని ముఖం కందగడ్డ చేసుకొని. భుజం పట్టి పక్కన కూర్చోబెట్టుకొని, "ఒరే, ఆ ముసలమ్మల్ని ఇంకాసేపు నవ్వనీరా, నీ సొమ్మేం పోయింది," అనాలనిపిస్తుంది. వినడనుకోండి. నేనైతే వినేవాణ్ణి కాదు.