మానేరు ఇసుకలో రెండు కార్లు

మా మేనమామ పోయాడు. ఈ ఎండాకాలమే, కరీంనగర్ పెద్దాసుపత్రిలో, మిట్టమధ్యాహ్నం పూట. నర్సు వచ్చి భుజం తట్టి "ఇగ లేడమ్మా" అన్నప్పుడు నేను ఆయన కోసమే చాయ్ చల్లారబెడుతున్నాను. వేడిది తాగలేడు. ఆ చాయ్‌ని ఏం చేయాలో తోచక గ్లాసు పట్టుకునే చాలాసేపు నిలబడ్డాను.

ఆయన గురించి చెప్పాలంటే రెండు కార్ల గురించి చెప్పాలి. నాకు కార్ల పేరెత్తితేనే ఒళ్లు మంట. అయినా తప్పదు.

జాగీర్లు రద్దయిన రోజుల్లో హుజూరాబాద్ దగ్గరి ఒక దొర గడీలోని రెండు కార్లను అమ్మకానికి పెట్టాడు. రెండూ వాడినవే, రెండూ సముద్రం దాటి వచ్చినవే. ఒకటి జర్మనీది. నల్లగా, నిండుగా, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసిన చప్పుడు. రెండోది ఇంగ్లండుది. బూడిద రంగు, పొట్టి, తేలిక. మా మామ అప్పటికి వ్యవసాయం చేసేవాడు. అంగడిలో ఎడ్లను ఎంచడంలో ఆయనకు పేరు. ఊళ్లో ఎవరికి ఎద్దు కావాలన్నా ఆయన్ని వెంట తీసుకుపోవలసిందే. పళ్లు చూసి, సుళ్లు చూసి, బరువు బండి కట్టి ఎత్తు ఎక్కించి అప్పుడు గానీ నోరు విప్పడు. కిరాయికి తిప్పుకుందామని కారు కొనబోయినవాడు ఆ కారును కూడా ఎద్దును కొన్నట్టే కొన్నాడు. రైతు తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది.

వెంట ఆయన స్నేహితుడు ఉన్నాడు, టాంగా తోలే చాచా. ఇద్దరూ కలిసి రెండు కార్లలోనూ వడ్ల బస్తాలు వేయించి, పైన మనుషులను ఎక్కించి, గుట్ట దారి మీదికి తోలించారు. దొర గారి డ్రైవరు నవ్వలేక చచ్చాడట. జర్మనీ కారు గుక్క తిప్పుకోకుండా ఎక్కింది. ఇంగ్లండు కారు మూలుగుతూ సగంలో ఆగింది.

"సూసినవా భాయ్, పెద్దెద్దు లెక్క గుంజింది! గిది నాది" అన్నాడు మామ.

"తీస్కో, తీస్కో. గుర్రాన్ని సాకినోన్ని, నాకు తేలిగ్గ ఉరికేదే కావాలె. గా కోడె నాకు చాలు" అన్నాడు చాచా.

అప్పటి నుంచి కిరాయి కార్ల అడ్డాలో వాటికి ఆ పేర్లే స్థిరపడ్డాయి, పెద్దెద్దు, కోడె. ఇద్దరూ పక్కపక్కనే కార్లు నిలిపి రోజంతా తగవులాడేవారు. ఏ పెళ్లివారు వచ్చినా ముందు వీళ్ల పంచాయితీ వినాలి.

"నా బండ్ల కూసుంటే పరుపు మీద పండినట్టే" అనేవాడు మామ.

"పండనీకె ఇంట్ల మంచం లేదా? పోనీకె కదా బండి!" అనేవాడు చాచా. పెళ్లివారు నవ్వి, చాలాసార్లు పెద్దెద్దునే ఎక్కేవారు. పెళ్లికొడుకుకు అదే హుందా అనిపించేది. మామ మీసం తిప్పుకునేవాడు. ఆ రోజుల్లో ఆయన మొహం ఎలా వెలిగేదో చెబితే తర్వాత ఆయన్ని చూసినవాళ్లు నమ్మరు.

మా అవ్వ, నన్ను కన్న తల్లి, ఆయనకు అక్క. బాపు బెల్లంపల్లి బొగ్గుబావిలో పనిచేసేవాడు. రెండో కాన్పుకని అవ్వ నన్ను వెంటబెట్టుకొని పుట్టింటికి వచ్చింది. మా అమ్మమ్మ ఊరు మానేరు ఒడ్డున, హుజూరాబాద్ వైపు. ఏరు దాటితే కరీంనగర్ సడక్ దగ్గరే. దాటకపోతే హుజూరాబాద్ మీదుగా చుట్టు తిరిగి పోవాలి. అవ్వకు కాన్పు కష్టమైంది. మంత్రసాని చేతులెత్తేసి "దవాఖానకు తీస్కపోండ్రి, జల్ది" అంది. కబురందిన వెంటనే మామ పెద్దెద్దును బండ్లబాట మీద ఎగరేసుకుంటూ తెచ్చాడు. కోడె ఆనాడు ఒక పెళ్లి కిరాయికి వరంగల్ పోయి ఉంది.

చుట్టు తిరిగేంత సమయం లేదని ఎండిన ఏటికి అడ్డంగా పోదామన్నారు. ఊరివాళ్లు తడకలు తెచ్చి ఇసుక మీద పరిచారు. ఎడ్లబండ్లకు అది మామూలే. ముందు పరుచుకుంటూ, వెనకవి తీసి మళ్లీ ముందు వేసుకుంటూ పోతారు. నేను వెనక సీట్లో అవ్వ పక్కన కూర్చున్నాను. ఏటి నడుమకు వచ్చేసరికి తడకలు విరిగి కారు దిగబడింది. బరువైన ఎద్దు ఇసుకలో మోకాళ్ల మీద పడినా లేచి గుంజుతుంది. కారు లేవలేదు. మామ ఎంత తొక్కితే చక్రాలు అంత లోతుకు పోయాయి. ఆయన దిగి రెండు చేతులతో ఇసుక తోడాడు, "లే, లే" అని కారును నిజంగా ఎద్దును అదిలించినట్టు అదిలించాడు. ఊళ్లోకి ఎడ్ల కోసం ఉరికారు. ఎడ్లు వచ్చేలోగానే అవ్వ ఆ సీటు మీదే పోయింది. లోపలి బిడ్డ కూడా.

బాపు కొన్నాళ్లకు బెల్లంపల్లిలో మారుమనువు చేసుకున్నాడు. నేను మామ దగ్గరే ఉండిపోయాను. ఆయన పెళ్లి మాటెత్తితే లేచి బయటికి పోయేవాడు. నన్ను చదివించాడు, పంతులమ్మను చేశాడు. కారు మాత్రం అమ్మలేదు. పొద్దున్నే బకెట్ నీళ్లతో పైపైన కడిగేవాడు. వెనక సీటు కిందికి మాత్రం చీపురు పోనిచ్చేవాడు కాదు, అక్కడ ఇంకా మానేరు ఇసుక ఉండేది. తారు రోడ్డు మీద పోతున్నా డిక్కీలో తడక చుట్ట ఒకటి ఉండాల్సిందే.

బరువైన వస్తువంటే ఆయనకు పడకుండా పోయింది. ఇంట్లో ఇత్తడి సామానంతా తీసేసి సత్తు గిన్నెలు తెచ్చాడు. "ఏందిర గివి, ఉఫ్ అంటే ఎగిరిపోతయి" అని అమ్మమ్మ తిట్టిపోసింది. నన్ను కూడా వదల్లేదు. "జర తక్కువ తిను బిడ్డా, బరువైతవ్" అనేవాడు. ఆ మాట అంటూనే నా కంచంలో ఇంకో ముద్ద వేసేవాడు. ఏం మనిషయ్యా! అలా నవ్వించి, నేను నవ్వడం పూర్తికాక ముందే అడిగేవాడు.

"బిడ్డా, కోడె అయితే దాటేదా?"

అదే మాట. అడ్డాలో కొత్తగా చేరిన డ్రైవరును, టైరు పంచర్ వేసేవాడిని, బస్సు కోసం నిలబడ్డ ముసలమ్మను, ఎవరినీ వదల్లేదు. రెండు కార్ల బరువు, పొడుగు చెప్పి, "నువ్వే చెప్పు, దాటేదా?" అనేవాడు. నేను మాత్రం "అది గూడ దిగబడేది మామా" అంటూ వచ్చాను. నాకేం తెలుసని? మందు పోసినట్టు రోజూ ఆ మాట పోశాను. ఆ పూటకు ఊరుకునేవాడు.

ఒకసారి మామ చాచా కాళ్ల మీద పడ్డంత పని చేశాడు. "ఒక్కసారి గా ఇసుకల తోలి సూపియ్యి భాయ్. నా పానం నిమ్మలపడతది."

"నా టైర్లు ఖరాబైతయి. ఇసుకల ఏ బండైనా ఒక్కటే. ఫికర్ ఇడ్సిపెట్టు" అన్నాడు చాచా, మొహం అటు తిప్పుకొని.

ఆ తర్వాత చాచా ఎన్నడూ కోడెను మానేరులో దించలేదు. ఎండాకాలంలో ఏటి ఒడ్డు ఊళ్ల కిరాయి వస్తే చుట్టు దారినే పోయేవాడు. ఎక్కినవాళ్లు "గింత దూరం ఎందుకు తిప్పుతున్నవ్?" అని కసురుకున్నా పడేవాడు. కిరాయిలు పోగొట్టుకున్నాడు. ఎందుకో అడ్డాలో అందరికీ తెలుసు. మామకూ తెలుసు. దాటి చూపిస్తే ఆయన బతకడని చాచా భయం. దాటకపోతే అనుమానమే మిగులుతుంది, అనుమానంతో మనిషి ఎలాగో ఒకలా బతుకుతాడు. మామ అలాగే బతికాడు. దాన్ని బతుకంటారో లేదో నాకు తెలియదు.

ఆయన పోయాడని తెలిసి చాచానే కోడెను వేసుకొని ఆసుపత్రికి వచ్చాడు. ఇద్దరూ ముసలివాళ్లే, మనిషీ, కారూ. వెనక సీట్లో మామను పడుకోబెట్టి తల నా ఒళ్లో పెట్టారు. పొద్దు గూకక ముందే ఊళ్లో దహనం కావాలి. చుట్టు దారిన పోతే అందదు. చాచా సడక్ మీద కారు ఆపి, ఏటి వైపు చూశాడు.

"ఏం చేద్దాం బిడ్డా?"

"దించు చాచా" అన్నాను.

అవతలి ఒడ్డు నుంచి ఊరివాళ్లు తడకలు తెచ్చి పరిచారు, ఆనాటిలాగే. నేను కళ్లు మూసుకొని, దిగబడాలి, ఇది కూడా దిగబడాలి అని దేవుళ్లందరికీ మొక్కాను. శవాన్ని ఒళ్లో పెట్టుకొని అలా మొక్కేవాళ్లు ఉంటారా? నేను మొక్కాను. కారు ఒక్కచోట కూడా ఆగలేదు. నడుమకు వచ్చింది, నడుమ దాటింది, ఒడ్డెక్కింది. అంతే.

చాచా ఇంజను ఆపి, తల స్టీరింగుకు ఆనించి ఏడ్చాడు. "మాఫ్ చెయ్యి భాయ్, మాఫ్ చెయ్యి."

నేను వెనక్కి తిరిగి చూశాను. తడకలు తీసేసిన చోట ఇసుక మీద రెండు చారలు, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా. వేలు పెడితే మునగనంత పైపైన ఉన్నాయి. మామ మొహం మీది బట్ట కుదుపులకు జారి, కళ్లు సగం తెరుచుకొని ఉన్నాయి. గబగబా రెప్పలు మూసి, బట్ట పైకి లాగి, తల చుట్టూ బిగించి పట్టుకున్నాను. ఆ చారలు కనబడకుండా.