ఒక డిస్కులో నావి, ఒక డిస్కులో భాగ్యవి

దయ్యాలు ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మా అవ్వ నిమ్మకాయలు దిగదుడిచి పారేస్తుంటే నవ్వేదాన్ని. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో అసలు చచ్చిపోయినవాళ్ళే లేరు. ఇందులో ఉన్నవాళ్ళం అందరం బతికే ఉన్నాం. అందుకే దీన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు.

మాది నారాయణపేట. తెలంగాణ వచ్చాక నాలుగైదేళ్ళకు జరిగింది ఇది. అప్పటికి నేను మా ఊరి చేనేత సంఘంలో డిజైన్లు గీసేదాన్ని. చీర అంచునూ కొంగునూ కంప్యూటర్లో చిన్న చిన్న గడులు నింపుతూ గీయాలి. ఆ గీత చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కుతాయి. పదకొండేళ్ళు ఆ గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. మా సంఘంలో ఏ ఇంటి మగ్గం మీద కొత్త అంచు కనిపించినా అది నాదే.

తర్వాత భాగ్య వచ్చింది. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది. మౌస్ ఎలా పట్టుకోవాలో నేనే నేర్పాను. ఆరు నెలలు తిరిగేసరికి నేతవాళ్ళు గడపలో నిలబడి ఆమె కోసం అడగడం మొదలుపెట్టారు.

ఎల్లప్ప తాత అని మా దగ్గర పెద్ద నేతగాడు ఉండేవాడు. నా గీతలను మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. ఒకరోజు నేను వారం రోజులు కూర్చుని గీసిన అంచు చూసి కాగితం పక్కన పెట్టాడు. "బాగనే ఉంది బిడ్డా. భాగ్య గీసింది ఏమన్న ఉందా?" అన్నాడు. ఆయన మనసులో ఏ చెడూ లేదు. నేను మాత్రం ఆ కాగితం మడిచి సొరుగులో పడేశాను.

భాగ్య మంచిది. జొన్నరొట్టె, పుంటికూర తెచ్చి సగం నాకు పెట్టేది. నేను తినేదాన్ని. తిన్నాక, ఆమె బయటికి పోయినప్పుడు ఆమె ఫోల్డర్ తెరిచి తప్పుల కోసం వెతికేదాన్ని. ఒక్క గడి కూడా తప్పు దొరికేది కాదు.

ఆ ఏడు ఎండాకాలం ముందు, మా డిజైన్లన్నీ ఉన్న పాత డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. సెక్రటరీ సారు రెండు కొత్త డిస్కులు కొనిచ్చారు. మహబూబ్‌నగర్ నుంచి సలీం అనే మెకానిక్ వచ్చాడు. మా కంప్యూటర్ మదర్‌బోర్డులోనే రెయిడ్ అనే ఏర్పాటు ఉందనీ, వేరే పరికరం కొనే పని లేదనీ చెప్పాడు. నా కళ్ళ ముందే కొత్త డిస్కుల కవర్లు కోసి, రెండింటినీ బోర్డుకు తగిలించి, కలిపేశాడు.

"అద్దం లెక్క అనుకో అక్కా. నువ్వు ఇండ్ల ఏం ఏస్తే అండ్ల గదే పడ్తది. ఒకటి ఖరాబైనా ఇంకోటి ఉంటది" అన్నాడు. తెర మీద రెండు డిస్కుల పేర్లూ పక్కపక్కన వచ్చాయి. రెండూ బాగున్నట్టు ఆకుపచ్చ అక్షరాలు కనిపించాయి. పోతూ పోతూ, "గీ పాతది ఇయ్యాలో రేపో అన్నట్టుంది. జల్ది అన్ని ఎక్కించుకో" అన్నాడు.

అది సోమవారం. భాగ్య ఊళ్ళో లేదు. వాళ్ళమ్మకు ఆపరేషన్ అని మహబూబ్‌నగర్ దవాఖానలో ఉంది. ఆ మరుసటి వారమే హైదరాబాదులో ఒక ప్రదర్శనకు మా సంఘం నుంచి ఏడు డిజైన్లు పోవాలి. సారు ఎంచిన ఏడింటిలో ఆరు భాగ్యవి. ఒకటి నాది.

మంగళవారం నేను పాత డిస్కులోంచి నా ఫోల్డర్ కొత్తవాటిలోకి ఎక్కించాను. సంఘం పాత డిజైన్లూ ఎక్కించాను. 'భాగ్య' అని రాసి ఉన్న ఫోల్డర్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. తుడిచెయ్యలేదు. ఆ మాట ముందే చెప్తున్నాను. ఎక్కించలేదు, అంతే. తర్వాత చేద్దాంలే అనుకున్నాను. తర్వాత చెయ్యనని నాకు తెలుసు.

బుధవారం పొద్దున ఆమె ఫోన్ చేసింది. గది ముందు వరండాలోకి వచ్చి మాట్లాడాను.

"అక్కా, పాత డిస్కు పోయేటట్టుందని సారు చెప్పిండు. నావి ఎక్కిచ్చినవా?"

"ఎక్కిచ్చిన. నువ్వు అమ్మను చూస్కో, ఫికర్ చెయ్యకు" అన్నాను.

"సల్లగుండక్కా" అంది. నేను పెట్టేశాను.

చాలాసేపు వరండాలోనే నిలబడ్డాను. ఎదురుగా రంగులద్దిన నూలు ఆరేసి ఉంది. దాన్ని చూస్తూ ఉండిపోయాను. ఆ గదికి ఒకటే తలుపు. ఆ తలుపు పక్కనే నేనున్నాను. కిటికీకి ఇనుప చువ్వలు. లోపలికి ఎవరూ పోలేదు.

గురువారం పొద్దున పాత డిస్కు లేవలేదు. విప్పి చూడమని సలీంకు పంపితే, లోపలంతా గీసుకుపోయింది, ఏమీ రాదని సాయంత్రం ఫోన్ చేశాడు. అప్పుడు నాకు ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. లోపలెక్కడో చల్లబడింది. నేను దాన్ని దాచను.

శనివారం మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ పెడితే డిస్కుల పేర్ల దగ్గర ఈసారి ఎర్ర అక్షరాలు వచ్చాయి. జంట తెగిపోయినట్టు ఉంది. సలీంకు ఫోన్ చేస్తే, "ఒకదాని వైరు పీకి చూడు, తర్వాత ఇంకోదానిది పీకి చూడు. ఏది మంచిగుందో ఎరకైతది" అన్నాడు.

మొదటి డిస్కు ఒక్కటే ఉంచి చూశాను. నా ఫోల్డర్, సంఘం పాత డిజైన్లు, అన్నీ ఉన్నాయి.

ఆపేసి, వైరు మార్చి, రెండో డిస్కు ఒక్కటే ఉంచి చూశాను. అందులో నావి లేవు. సంఘంవీ లేవు. ఒకే ఒక్క ఫోల్డర్ ఉంది. 'భాగ్య'.

తెరిచాను. ఆమె గీసినవన్నీ ఉన్నాయి. చిలకల అంచు, గోపురం అంచు, రుద్రాక్ష కొంగు, ప్రదర్శనకు పోవాల్సిన ఆరూ. ఎప్పుడు గీసిందో ఆ తేదీలు అలాగే ఉన్నాయి. డిస్కులోకి ఎప్పుడు వచ్చాయో కూడా కంప్యూటర్ చూపిస్తుంది. అదీ చూశాను. అన్నీ బుధవారమే వచ్చాయి. మొదటిది పదకొండు నలభైకి, ఆఖరుది పదకొండు యాభై ఎనిమిదికి.

నా ఫోన్ తీసి చూశాను. భాగ్యతో మాట్లాడింది బుధవారం పదకొండు నలభైకి. ఒక నిమిషం పది సెకన్లు.

నేను చేసిన ఇంకో పని కూడా చెప్పాలి. ఆ డిస్కు మీద బాణం పెట్టి, ఫార్మాట్ అనే మాట దాకా తీసుకుపోయాను. నొక్కితే అన్నీ చెరిగిపోయేవి. ఎవరికీ తెలిసేది కాదు. మంచిదాన్ని కాబట్టి ఆగలేదు. మళ్ళీ వస్తాయేమోనని భయపడి ఆగాను.

సోమవారం సలీం వచ్చాడు. రెండు డిస్కులూ పదిసార్లు మార్చి మార్చి చూశాడు. "గిట్ల కాదక్కా. ఎంత తెగినా తెగినకాన్నుంచే తేడా రావాలె. తెగకముందుయి రెండిట్ల ఒక్క తీరుండాలె" అన్నాడు. మొదటిరోజే తెగిందేమో అని నేను అడిగాను. "తెగితే రెండోది ఖాళీగుండాలె. గీ పిల్లయి ఏడికెల్లొచ్చినయ్?" అన్నాడు. ఆ ఫోల్డర్ నేను అసలు ఎక్కించనే లేదని ఆయనకు చెప్పలేదు. ఆయన రెండు డిస్కుల్లోవీ వేరేచోట దాచి, అన్నీ చెరిపి, మళ్ళీ జత కట్టి, అన్నీ తిరిగి ఎక్కించి పోయాడు. ఆ జత తర్వాత ఎప్పుడూ తేడా చేయలేదు.

బుధవారం భాగ్య వచ్చింది. తన ఫోల్డర్ తెరిచి చూసుకుని, వచ్చి నా చేతులు పట్టుకుంది.

"ఎంత ఓపికక్కా నీకు. దవాఖానల ఏడుసుకుంట కూసున్న నేను. నువ్వు ఫోన్ పెట్టెయ్యకుంట ఒక్కొక్క అంచు పేరు సదువుకుంట ఎక్కిస్తుంటే నా పానం నిమ్మళమైంది."

"ఎప్పుడు?" అన్నాను.

"గదే, బుధవారం. చిలకల అంచు కాడ ఆగి, ఇది నాకు గూడ రాదు భాగ్యా, నీ చేతుల ఏదో ఉంది అన్నవ్ గదా. మా అమ్మకు గూడ చెప్పిన."

నేను ఆమెను ఏ రోజూ మెచ్చుకోలేదు. ఆ మాట మనసులో అనుకున్నాను, నిజమే. చాలాసార్లు అనుకున్నాను. నోటితో అనలేదు. ఆమె ఫోన్ అడిగి చూశాను. బుధవారం, పదకొండు నలభై, నా పేరు. పంతొమ్మిది నిమిషాలు. నా ఫోన్ చూపిస్తే నవ్వింది. "నీ ఫోన్ ఖరాబైనట్టుందక్కా" అంది.

ఆమెకు అసలు సంగతి ఇప్పటికీ చెప్పలేదు. ఆరు డిజైన్లూ హైదరాబాదు పోయాయి. చిలకల అంచు చీరను ఎల్లప్ప తాతే నేశాడు. దాని ముందు జనం గుమిగూడారని విన్నాను. నేను పోలేదు.

కంప్యూటర్లు తెలిసినవాళ్ళను ముగ్గురిని అడిగాను. ముగ్గురూ మూడు కారణాలు చెప్పారు. డిస్కుల సంగతికి చాలిన కారణం ఫోన్‌కు చాలదు. ఫోన్‌కు చాలింది డిస్కులకు చాలదు. నాకు ఇప్పటికీ ఏమీ అంతుపట్టలేదు.

భాగ్య మీద ఇప్పుడు నాకు అంత కుళ్ళు లేదు. నేను ఫోన్ పెట్టేశాక పద్దెనిమిది నిమిషాలు నా గొంతుతో భాగ్యతో మాట్లాడింది ఒకతి ఉందే, ఆమె మీద ఉంది. అక్కా అని భాగ్య ప్రేమగా పిలిచేది ఆమెనే, నన్ను కాదు.